ఎనభయ్యో నంబరు తలుపు

కటక్ నుంచి షావుకారు ఫోను చేశాడు:
"మీ సైటు తెరిస్తే ఎర్రగా ఏదో హెచ్చరిక వస్తోంది.
మీరు జీడిపప్పు అమ్మేవాళ్లా, దొంగలా?"
నాకు నవ్వు రాలేదు.
సర్టిఫికెట్ గడువు నిన్న అర్ధరాత్రితో తీరింది.
చూసుకోవాల్సింది నేనే. చూసుకోలేదు.

కాశీబుగ్గలో, సంఘం గోడౌను మీద గది.
కాల్చిన పిక్కల వాసన గోడల్లోకి ఇంకిపోయి
ఫ్యాను వేస్తే మళ్లీ బయటికొస్తుంది.
రాత్రి తొమ్మిదిన్నర.
గేటు తాళాలు బమ్మిడి దాలమ్మ దగ్గర;
నేను లేస్తే గాని ఆమె ఇంటికి పోలేదు.
స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది.

ముందు తాళంచెవి ఒకటి పుట్టించాను.
ఎవరికీ చూపించకూడదు, మెయిల్లో పంపకూడదు,
అధ్యక్షురాలు అడిగినా ఇవ్వకూడదు.
దాని జత ఇంకొకటుంటుంది,
దాన్ని లోకమంతా పంచిపెట్టొచ్చు.
"అయితే చెవి మనకాడ, కప్ప ఊరందరికీనా?" అంది దాలమ్మ.
ఆరు నెలల కోర్సులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత అర్జీ.
తీసుకునే చోట మనిషి లేడు, ఇంకో యంత్రం ఉంది.
నోరు తిరగని మాటొకటి చేతిలో పెట్టింది:
"దీన్ని మీ ఇంట్లో ఫలానా గూట్లో ఉంచు.
ఎనభయ్యో నంబరు తలుపులోంచి వచ్చి చూస్తాను.
కనబడితే ఇల్లు నీదే."
ఉంచాను. వచ్చింది, తిరిగి పోయింది.
మళ్లీ ఉంచాను. మళ్లీ పోయింది.
ఐదుసార్లు తప్పితే గంట ఆగాలి.
మూడోసారికి అరచేతులు చెమటపట్టాయి.

"ఏటడుగుతంది?"
"మనం ఎవరమో రుజువు చూపించమంటోంది."
"ఓలమ్మ, దీనికీ అదే రోగమా!"

రేషను డిపోలో మిషను ప్రతి నెలా అడుగుతుందట ఆమెని.
బొటనవేలు పెడితే కాదంటుంది.
చూపుడువేలు కాదంటుంది.
పదివేళ్లూ వరసగా కాదన్నాక
డీలరు, ఆమె చిన్నప్పుడు చంకనేసుకు తిప్పిన కుర్రాడే,
"నువ్వు నువ్వు కానట్టున్నావు పిన్నీ" అన్నాడట.
ఇరవైరెండేళ్లు పిక్క కొట్టింది.
జీడినూనె చర్మాన్ని తిని, గీతల్నీ తినేసింది.
కంప్యూటరు వెలుగులో చేతులు చాపింది:
బొటనవేలికేదో గుడ్డపీలిక,
మిగతావి నల్లగా, నున్నగా,
బొమ్మ చెరిగిపోయిన పాత బిళ్లల్లా.

అప్పుడు తట్టింది నాకు.
పోయిన నెల ఎవరో బయటినుంచి తడుముతున్నారని భయపడి
ఆ ఎనభయ్యో తలుపు నేనే మూశాను.
గడియ నేనే పెట్టి
చుట్టం రాలేదేమని కూర్చున్నాను.
తీశాను. వచ్చింది. చూసింది. ఇచ్చింది.

నా ఫోనులో తాళం బొమ్మ పడింది.
దాలమ్మ పాత ఫోనులో ఇంకా ఎరుపే.
మధ్యవాడి కాగితం జతచెయ్యడం మరిచాను.
వీళ్లని నేనెరుగుదునని ఒకడు చెప్పాలి,
వాణ్ణి నేనెరుగుదునని ఇంకొకడు,
ఆ పైన ఒక పెద్ద,
నువ్వెవరివని ఎవరూ అడగని పెద్ద.
అదీ అతికించాను.

తాళం బొమ్మ నొక్కి లోపలికి పోతే
అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి వరస,
పక్కన దాని పేరు: వేలిముద్ర.
చెయ్యి లేదు దీనికి.
ఆ పేరు దాలమ్మకి చదివి వినిపించలేదు.

"ఎన్నాళ్లుంటాదిది?"
"తొంభై రోజులు."
"మరి ఆనక?"
తెల్లారుఝామున మూడుంపావుకి లేచి
దానంతటదే కొత్తది తెచ్చుకునేలా
ఒక్క వరస రాసిపెట్టాను.
ఇక నేను మరిచినా ఫరవాలేదు.

దాలమ్మ ఏమీ అనలేదు.
గుడ్డపీలిక ముడి పళ్లతో బిగించుకుంది.
దెబ్బ తగిలిందనుకున్నాను, సాయంత్రం నుంచీ.
కాదట.
ఒకటో తారీకు దగ్గర పడితే
ఆ ఒక్క వేలుకీ నాలుగు రోజులు సెలవు,
ఆముదం రాసి, చుట్టి, పనికి తగలకుండా.
తొమ్మిది వేళ్లతో కొడితే కిలోలు తగ్గుతాయి,
శనివారం కూలీ తగ్గుతుంది.
"గీత మొలుస్తాదేమోనని" అంది,
తాళాలగుత్తి తీసుకుని
లైటార్పి, నన్ను ముందు దిగమంది.